పిడుగు గోకిన రోజు

బైండింగ్ షాపు, వెనక గది
సోమవారం

వదినా,

నీ కుక్కపిల్ల పిడుగు క్షేమం అని ఒక్క ముక్క రాసి ఊరుకుందామనుకున్నాను. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. దాన్ని నా ఒళ్ళో పడేసి నువ్వూ అన్నయ్యా కొండెక్కి నెలన్నా కాలేదు, నా తల ప్రాణం తోకకొచ్చింది. తోకంటే దాని తోకే. ఆ తోక మీద కూడా ఇప్పుడు వెంట్రుకలు సగమే మిగిలాయి.

మొదట పాదాలు నాకడం మొదలుపెట్టింది. తడిసి ఉంటాయిలే అనుకున్నాను. తర్వాత పొట్ట కింద ఎర్రగా పొక్కులు లేచాయి. ఆ తర్వాత చెవులు. దగ్గరికి తీసుకుంటే పులిసిన వాసన. ఇప్పుడు పొద్దస్తమానం గోకుడే. వెనక కాలితో నేలని దబదబా బాదుతూ గోక్కుంటుంటే, "పక్కింటివాళ్ళు మనం ఇంకో గది కడుతున్నామనుకుంటున్నారు" అంటారు మా ఆయన. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. అరచేతిలో పట్టేంత ప్రాణి, దాని చర్మం అలా పచ్చిగా ఉంటే చూడలేకపోతున్నాను.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చర్మం కొంచెం గీకి మైక్రోస్కోపులో చూసింది. గజ్జి పురుగు లేదు, ఫంగస్ లేదు, పేలూ లేవు.

"తినేదేదో పడట్లేదమ్మా దీనికి" అంది.

"ఏది?"

"అదే కనిపెట్టాలి. ఇంతవరకూ నోట్లోకి వెళ్ళినవన్నీ మానిపించండి. చేప, బంగాళాదుంప కలిపిన ఈ డబ్బా మేత ఒక్కటే, రెండు నెలలు. మధ్యలో ఇంకేదైనా ఒక్క ముక్క పడిందా, మళ్ళీ మొదటికి రావాల్సిందే."

ఇంటికొచ్చి అందరినీ నిలబెట్టి చట్టం చదివి వినిపించాను. అందరూ అంటే ఎవరు, మా ఆయనా మామయ్యా. మామయ్య సంగతి నీకు తెలుసుగా. ఈ షాపు పెట్టిన మనిషి, నా చేతికి సూది ఇచ్చి పుస్తకం కుట్టడం నేర్పిన మనిషి. చేతులు వణుకుతున్నాయని పని మానేశాక, చొక్కా జేబునిండా వేయించిన పల్లీలు పోసుకుని, వరండాలో కూర్చుని వీధి చూస్తుండేవారు. పిడుగు వచ్చాక వీధిని చూడటం మానేసి దాన్నే చూస్తున్నారు. "దానికేం పెట్టకూడదు మామయ్యా, మీ పల్లీలతో సహా" అన్నాను. బుద్ధిగా తలూపారు.

సరుకుల జీపు వచ్చే వేళయింది. ఇది దాని డ్రైవరుకి ఇస్తున్నాను.

నీ మరదలు

*

కొండమీద, వాతావరణ కేంద్రం
మబ్బు, గాలి, మళ్ళీ మబ్బు

మరదలు పిల్లా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ అన్నయ్య లాక్కుని చదివి, "నా చెల్లెలు చిన్నప్పుడు సీసాలో చేపపిల్లని కూడా నాలుగు రోజులు బతికించలేదు, కుక్కపిల్లని ఇచ్చావు" అని జనరేటర్ బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. డీజిలు పొగ అంటాడులే.

నేనిక్కడ గాలి కొలుస్తూ, వాన కొలుస్తూ కూర్చున్నాను. యంత్రాల దగ్గర జంతువులు ఉండకూడదని రూలు లేకపోతే దాన్ని సంచిలో వేసుకుని తెచ్చేసుకునేదాన్ని. చెత్తకుండీ పక్కన దొరికినప్పుడు దాని పొట్ట నున్నగా ఎంత బాగుండేదో! నేనే ఏదో పెట్టి పాడుచేశానా అని బెంగగా ఉంది.

డాక్టరమ్మ చెప్పినట్టే చెయ్యి. ఒక్క మాట చెప్తాను, కోప్పడకు. నీకు కోపమొస్తే ఎదురుగా ఎవరున్నారో కనిపించదు. కాస్త చూసుకో.

నీ వదిన

*

బైండింగ్ షాపు, వెనక గది
ఆదివారం

వదినా!

తగ్గుతోంది! ముందు ఆ మాట రాసేస్తే తప్ప నాకు ఊపిరాడదు. పొట్ట మీద ఎరుపు లేత గులాబీ రంగుకి దిగింది. చెవుల వాసన పోయింది. నిన్న పొద్దున్న పది నిమిషాలు నా కాలి చెప్పుతో యుద్ధం చేసి గెలిచింది. గోక్కోవడం మర్చిపోయి మరీ ఆడింది. పోయిన వారమంతా "ఈ మేత పనిచేయట్లేదు" అని డాక్టరమ్మని తిట్టుకున్న నోటితోనే ఇప్పుడు దండం పెడుతున్నాను.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. మామయ్య వారం రోజులు ఉండొస్తానని కూతురింటికి వెళ్ళారు. లైబ్రరీ వాళ్ళు బండెడు పుస్తకాలు తెచ్చి పడేశారు. ఎప్పటిలాగే ముందు అన్నీ కుట్టేసి, అట్టలు తర్వాత వేద్దామని కూర్చున్నాను. వారమంతా దారం, సూది తప్ప ఇంకో లోకం లేదు. పిడుగు నా స్టూలు కింద పడుకుని దారపు ఉండతో ఆడుకుంటోంది.

అన్నయ్యకి చెప్పు, చేపపిల్ల బాకీ తీర్చేస్తున్నానని.

నీ మరదలు

*

బైండింగ్ షాపు
గురువారం

వదినా,

మళ్ళీ మొదటికొచ్చింది. మామూలుగా కాదు, రెట్టింపు. పాదాల మధ్య రక్తం. నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ బుట్ట తొడిగాను. అది గుమ్మాలకి కొట్టుకుంటూ, నా వంక చూస్తూ తిరుగుతోంది.

ఎందుకో నాకు తెలుసు. మామయ్య తిరిగొచ్చారు. ఆయన లేని వారం అది నవ్వింది, ఆయన వచ్చిన మూడో రోజు నుంచి గోకుడు. ఇందులో అర్థం కానిదేముంది? వరండాలో ఆయన కుర్చీ కింద చూశాను. పల్లీ పొట్టు.

నువ్వు వద్దన్న పనే చేశాను. నేరుగా వెళ్ళి అడిగేశాను.

"దానికి పల్లీలు పెడుతున్నారా మామయ్యా?"

"లేదమ్మా. నేను తింటున్నాను, అంతే."

"మరి ఇదేమిటి?" అని పొట్టు చూపించాను.

"తింటుంటే రాలి ఉంటుంది."

ఆయన మీద అరవకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి మెత్తగానే అన్నాను. "పోనీలెండి మామయ్యా. పెట్టి మర్చిపోయి ఉంటారు. ఈ వయసులో మామూలే."

ఆయన జేబు తిరగేసి, ఉన్న పల్లీలన్నీ వరండా బయటికి దులిపేసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. అప్పట్నుంచి వరండాలోకి రావడం లేదు. పిడుగు ఆయన తలుపు ముందు కూర్చుని బుట్టతో తలుపుని కొడుతుంది. ఆయన తియ్యరు.

నేను అన్నదాంట్లో తప్పేముంది? తప్పించుకునే దారి చూపించాను కదా ఆయనకి. కానీ అన్నం దిగడం లేదు వదినా. దాన్ని ఇలా చూడలేను, ఆయన్ని అలా చూడలేను.

నీ మరదలు

*

కొండమీద
ఎడతెరిపి లేని వాన

పిల్లా,

ఒక నిర్ణయానికొచ్చాను. నువ్వు అడగలేదు, అడగవు కూడా. అందుకే నేనే చెప్తున్నాను. జీపు డ్రైవరు బావమరిదికి పళ్ళతోట ఉంది. మంచి మనుషులు, కుక్కలంటే ప్రాణం. ఈ నెలాఖరుకి వచ్చి పిడుగుని తీసుకెళ్తామన్నారు. డబ్బా మేత వాళ్ళే కొంటారట. ఇంట్లో అంతా పనిలో ఉండేవాళ్ళు, చేతిలో పల్లీలతో కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు.

మీ అన్నయ్య రెండు రోజుల్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. కానీ ఆలోచించు. ఒక కుక్కపిల్ల కోసం నువ్వూ మీ మామగారూ ఒకే ఇంట్లో తలుపులు వేసుకుని బతకడం నాకిష్టం లేదు. ఆయన నీకు తండ్రిలాంటి మనిషి. నాకు పిడుగు మీద ఎంత ప్రేమున్నా, ఆ లెక్క నేను వేయగలను.

తోటవాళ్ళు ఒకటే అడిగారు. దాని అలవాట్లన్నీ రాసి ఇమ్మన్నారు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దేనికి భయం, దేనికి సంతోషం, అన్నీ. కొత్త చోట బెంగ పెట్టుకోకుండా చూసుకుంటారట. ఏదీ వదలకుండా రాసి పంపు.

నేను ఏడవడం లేదు. వానకి కాగితం తడిసింది.

నీ వదిన

*

బైండింగ్ షాపు, నా బల్ల దగ్గర
మంగళవారం

వదినా,

రాస్తున్నాను. తోటవాళ్ళకి ఇది చదివి వినిపించు.

పిడుగు తెల్లారేసరికి లేస్తుంది. లేవగానే ఒళ్ళు విరుచుకుని ఆవలిస్తుంది. ఆ ఆవలింత చివర్న చిన్న కీచుమనే శబ్దం వస్తుంది, దానికి అదే ఉలిక్కిపడుతుంది. వీధి చివరిదాకా తిప్పాలి. సైకిలు వెళ్తే భయపడదు. తోపుడు బండి చూస్తే మాత్రం కాళ్ళ మధ్య దూరుతుంది. వచ్చాక డబ్బా మేత, గోరువెచ్చని నీళ్ళు కాస్త కలిపి పెట్టాలి. చెవుల్లో మందు వేసేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, లేదా ఒకరు పాట పాడాలి. ఏ పాటైనా ఫరవాలేదు, నా గొంతు విని కూడా అది ఊరుకుంటుంది.

తర్వాత నేను పనికి కూర్చుంటాను. అది స్టూలు కింద చేరుతుంది. ఒంటరిగా ఉంచితే ఏడుస్తుంది కాబట్టి ఎవరైనా పక్కన ఉండాలి. నేను అట్టకి జిగురు పూసి, కాగితం పరిచి, గుడ్డతో నొక్కి, ఎడమ చెయ్యి కిందికి వేలాడేస్తాను. ఒక్కో అట్టకీ ఒక్కోసారి. అది వేళ్ళన్నీ విడివిడిగా నాకి శుభ్రం చేసి పెడుతుంది. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ అవసరమే లేకుండా పోయింది. అదే దాని ఉద్యోగం అని మా ఆయన అంటారు. తోటవాళ్ళకి చెప్పు, దానికి వేళ్ళు నాకడమంటే

వదినా.

కలం ఆగిపోయింది. లేచి జిగురు గిన్నె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇప్పుడే తిరిగొచ్చి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

మా జిగురు మైదాపిండి. రోజూ పొద్దున్నే పొయ్యి మీద నేనే ఉడకబెడతాను. ఈ షాపు పుట్టినప్పట్నుంచీ అదే. డాక్టరమ్మ "నోట్లోకి వెళ్ళేవన్నీ" అంది. నేను వంటగదంతా వెతికాను, జేబులు వెతికాను, కుర్చీల కింద వెతికాను. నా వేళ్ళు చూసుకోలేదు. నాకది తిండి కాదు కదా, పనిముట్టు. సుత్తీ, సూదీ, జిగురూ.

ఇంకొకటి. అది బాగున్న వారం నేను కుట్టు పని ఒక్కటే చేశాను. జిగురు ఉడకబెట్టనే లేదు. మామయ్య తిరిగొచ్చిన రోజునే అట్టలు వెయ్యడం మొదలుపెట్టాను. రెండూ ఒకేసారి జరిగితే, నేను మామయ్యని చూశాను, గిన్నెని చూడలేదు.

ఎంతో ప్రేమగా వేలాడేసిన చెయ్యి వదినా. ఆ చేత్తోనే దాని ఒళ్ళు తగలబెడుతున్నాను. పైగా పెద్దాయన్ని పట్టుకుని మర్చిపోయి ఉంటారన్నాను.

తోటవాళ్ళని రావద్దను. నీ కాళ్ళు పట్టుకుంటాను. జీపు హారను వినిపిస్తోంది, ఈ ఉత్తరం అందుకోవాలి.

*

కొండమీద
మబ్బు విడిపోయింది, నిజంగానే

పిల్లా,

రావద్దని చెప్పేశాను. డ్రైవరుకి చెప్పడానికి మీ అన్నయ్య నాకంటే ముందు వానలో చెప్పులు లేకుండా పరిగెత్తాడు. ఇప్పుడు తుమ్ముతున్నాడు, సంతోషంగా తుమ్ముతున్నాడు.

ఒక్కటి భయంగా ఉంది. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారని మీ అన్నయ్య అంటున్నాడు. అది విషం కదా. మీరు కలుపుతారా? వెంటనే రాయి.

ఇక మీ మామగారి సంగతి. నువ్వు చెప్పాల్సిన మాట నువ్వే చెప్పాలి. ఉత్తరంలో నాతో చెప్తే చెల్లదు.

నీ వదిన

*

బైండింగ్ షాపు
శనివారం

వదినా,

ముందు ఊపిరి పీల్చుకో. మైలుతుత్తం లేదు. నా పెళ్ళయిన కొత్తలోనే మామయ్య చెప్పారు, పిల్లలు పుస్తకం తిప్పేటప్పుడు వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుంటారు, అందుకని మన షాపులో విషం ఉండకూడదని. జిగురు సంగతి చెప్పగానే డాక్టరమ్మ కూడా మొట్టమొదట అదే అడిగింది. లేదనేసరికి కుర్చీలో వెనక్కి వాలి, "అదృష్టవంతులు" అంది. అదృష్టం కాదు, మామయ్య వల్ల అన్నాను.

ఆయన గది తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. "మామయ్యా, నాదే తప్పు. జిగురు. నా వేళ్ళే" అని అంతా చెప్పాను. క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు విని, "నాకోసం నేరం నీ నెత్తిన వేసుకోకమ్మా. పొట్టు రాలిన మాట నిజమేగా" అన్నారు. ఎంత చెప్పినా అంతే. నేను ఆయన మనసు కష్టపెట్టినందుకు సర్ది చెప్తున్నానని అనుకుంటున్నారు.

అయినా మర్నాడు ఆయనే బజారుకెళ్ళి సీసా జిగురు కొనుక్కొచ్చారు. వదినా, ఈయన సీసా జిగురు వాడేవాళ్ళతో మాట్లాడటం మానేసిన మనిషి! "అది పుస్తకాన్ని పట్టుకోదు, పట్టుకున్నట్టు నటిస్తుంది" అనేవారు. తెచ్చి నా బల్ల మీద పెట్టి, "పుస్తకం ఊడితే మళ్ళీ కుట్టొచ్చు. దాని చర్మం ఎక్కడ కుడతాం" అని వెళ్ళిపోయారు. మా ఆయన గుమ్మానికి సగం తలుపు బిగించారు. పిడుగు ఇప్పుడు తలుపు అవతల, నేను ఇవతల. ఆరుతున్న అట్టలు దానికి అందవు, నా వేళ్ళు అసలే అందవు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే ముట్టుకుంటున్నాను.

తగ్గుముఖం పట్టింది. బుట్ట తీసేశాం. డాక్టరమ్మ అంటుంది, రెండు నెలలు నిండాక పరీక్ష పెట్టాలట. అనుమానమున్నవి ఒక్కొక్కటే కావాలని తినిపించి చూడాలట. లేకపోతే బతుకంతా దేనికి భయపడాలో తెలియక అన్నిటికీ భయపడాల్సి వస్తుందంది. ముందు పల్లీలు, తర్వాత మైదా.

అది విన్నప్పుడు మామయ్య మొహం చూడలేకపోయాను.

నీ మరదలు

*

బైండింగ్ షాపు, వరండా
ఈ రోజే, ఇప్పుడే

వదినా,

అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

పరీక్ష మొదలుపెట్టే నాటికి పిడుగు ఒళ్ళు వెన్నముద్దలా ఉంది. తోక నిండా వెంట్రుకలు. అలాంటి దానికి మళ్ళీ జబ్బు తెప్పించాలంటే ఎవరికి చేతులొస్తాయి? "మీరే పెట్టండి మామయ్యా" అని పల్లీ పొడి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. "నా చేత్తో వద్దు" అని వీధిలోకి వెళ్ళిపోయారు.

నేనే పెట్టాను. డాక్టరమ్మ చెప్పినన్ని రోజులూ, రోజూ కాస్త. ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు. మామయ్య పొద్దునా సాయంత్రం వచ్చి, దాన్ని వెల్లకిలా తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని పొట్ట చూసి వెళ్ళేవారు. "చూశారా, మీ పల్లీలు కావు" అంటే, "ఇంకా మైదా ఉందిగా. అదీ కాదని తేలితే?" అనేవారు. అర్థమైందా వదినా? మైదా కూడా కాదని తేలితే, ఆయన పెట్టి మర్చిపోయిన ఇంకేదో ఉందని ఆయన భయం.

తర్వాత కొన్నాళ్ళు ఆగి, మైదా ఉడికించి ఒక చెంచాడు పెట్టాను. ఒక రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు.  జిగురు కాకపోతే మరేమిటి, మళ్ళీ ఎక్కడ వెతకాలి?

ఈ రోజు పొద్దున్న వరండాలోంచి "కోడలా!" అని కేక. ఏ కాలో విరిగిందనుకుని పరిగెత్తాను. పిడుగు మధ్యలో కూర్చుని వెనక కాలితో దబదబా, చెవి వెనక.

"గోకుతోంది!" అంటున్నారు మామయ్య. "చూడు, పాదాలు కూడా నాకుతోంది! చూడవే!"

పక్క షాపు దర్జీ గొడవ విని వచ్చాడు. "ఏం పెద్దాయనా, కుక్కపిల్లకి నయమైందా?"

"లేదయ్యా, మళ్ళీ వచ్చింది!" అని మామయ్య అతని చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. ఆ దర్జీ నా మొహం చూశాడు. నేనూ నవ్వుతున్నాను. ఈ ఇంట్లో అందరికీ పిచ్చెక్కిందని ఈపాటికి వీధంతా చెప్పి ఉంటాడు. నేరం నాదేనని రుజువైనందుకు ఇంత సంబరపడిన మనిషి ఇంకెవరైనా ఉంటారా వదినా?

డాక్టరమ్మకి ఫోను చేశాను. చాలు, ఆపెయ్యండి, తేలిపోయింది, మైదా, గోధుమ ముట్టకపోతే ఇక దీనికి ఏ రోగమూ లేదు, ఈ దురద కూడా కొద్ది రోజుల్లో పోతుంది అంది. స్నానం చేయించాం, మందు రాశాం. అప్పుడే శాంతించింది.

అప్పుడు మామయ్య కుర్చీలో కూలబడ్డారు. చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదమ్మా. ఆ రోజు 'పెట్టి మర్చిపోయి ఉంటారు' అని నువ్వంటే, అయ్యుండొచ్చు అనుకున్నాను. చేతులు ఎలాగూ నా మాట వినడం లేదు. బుద్ధి కూడా పోవడం మొదలైందేమో, నాకే తెలియడం లేదేమో అని. రోజూ నిన్నటి రోజుని తలుచుకుని, ఏమేం చేశానో వరసగా చెప్పుకుని చూసుకునేవాణ్ణి. అన్నీ గుర్తొచ్చేవి. అయినా నమ్మకం కుదిరేది కాదు."

 నేను మెత్తగా అన్నాననుకున్న మాట అది. ఆయన ఒంటరిగా, తలుపు వేసుకుని, దాన్ని ఇన్నాళ్ళు మోశారు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. వణుకుతూనే ఉంది, కానీ బరువుగా వేశారు.

"పోనీలే. పోలేదుగా నా బుద్ధి" అన్నారు.

"పోలేదు మామయ్యా. పోయింది నాదే."

"అది ముందునుంచీ తెలిసిందేగా" అన్నారు. వదినా, ఎన్నాళ్ళయిందో ఆయన నన్ను వెక్కిరించి!

తర్వాత ఆయన లోపలికి వెళ్ళి వచ్చారు. చొక్కా జేబు మళ్ళీ ఎత్తుగా ఉంది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఒక పల్లీ నోట్లో వేసుకున్నారు. పిడుగు ఎదురుగా వచ్చి కూర్చుని తోక ఆడించింది. ఆయన ఇంకో పల్లీ తీసి, పొట్టు నలిపి ఊది, దాని నోటికి అందించారు.

నన్ను అడగలేదు. నేను లేచి పనిలోకి వెళ్ళిపోయాను.

నీ మరదలు